బ్రెజానా, జిమ్నీనా? ఆ చివరి రెండు కిలోమీటర్ల లెక్క

ఏ కారు కొనాలి అని మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంట్లో మీరు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. నెలకోసారి ఉట్నూరు దగ్గర సొంతూరికి వెళ్తారు, నాన్నగారు అక్కడే ఉంటున్నారు. ఊరి దాకా తారు రోడ్డే. ఊరి నుంచి పొలానికి రెండు కిలోమీటర్లు బండ్ల బాట, మధ్యలో ఒక వాగు. ఎనిమిది ఎకరాల పత్తి, నల్లరేగడి నేల. మీ మనసు నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే (ఫోర్ వీల్ డ్రైవ్) జిమ్నీ మీద ఉంది, ఇంట్లోవాళ్లు ముందు చక్రాలతో నడిచే బ్రెజా అంటున్నారు, బావమరిది థార్ తీసుకోమంటున్నాడు.

నా జవాబు: బ్రెజా తీసుకోండి. ఆ కోవలో మరే కాంపాక్ట్ ఎస్‌యూవీ అయినా ఫరవాలేదు. మీ పొలం బాట నాకు కళ్లకు కట్టినట్టు తెలుసు. అయినా ఈ మాటే చెప్తున్నాను.

నేను నిర్మల్‌లో 2003 నుంచి షెడ్డు నడుపుతున్నాను. ఖానాపూర్, ఉట్నూరు, జైనూరు వైపు నుంచి వచ్చే బండ్లే నాకు ఎక్కువ. బొలెరోలు, పాత జిప్సీలు, థార్లు, ఈ మధ్య జిమ్నీలు, వాటికి పదింతలు కాంపాక్ట్ కార్లు. పన్నెండేళ్లుగా నా దగ్గర ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది. ఇంటి అవసరానికి మాత్రం మామూలు కాంపాక్ట్ ఎస్‌యూవీనే వాడతాం. రెండూ వాడేవాడిగా చెప్తున్నాను తప్ప, ఒకదాని మీద కోపంతోనో ఇంకోదాని మీద మోజుతోనో కాదు.

ముందు తేలిగ్గా తేలిపోయే విషయం. మీ ఇంట్లో ఐదుగురు. ఐదు డోర్ల జిమ్నీకి సీట్లు నాలుగే. మూడు డోర్ల థార్‌కూ నాలుగే. పైగా థార్‌లో వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు వంచి, పక్కకు ఒరిగి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ప్రతిసారీ అలా ఎక్కించి దించడం ఎంత కష్టమో షోరూంలో తెలియదు, మూడో నెలలో తెలుస్తుంది. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అంటారేమో. దయచేసి ఆ పని చేయకండి. బెల్టు లేకుండా ఒళ్లో ఉన్న పిల్లవాణ్ని గట్టి బ్రేకు పడినప్పుడు ఏ చేతులూ పట్టి ఆపలేవు.

ఐదు డోర్ల థార్ రాక్స్‌లో ఐదుగురు పడతారు, బండి కూడా బాగుంది. కానీ అందులో ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్‌కే ఇస్తున్నారు, ఆ వేరియంట్ మీరు చెప్పిన పదహారు లక్షల ఆన్ రోడ్ బడ్జెట్‌ను దాటిపోతుంది. టూ వీల్ డ్రైవ్ రాక్స్ తీసుకుంటే ఆకారం మిగులుతుంది, మీరు కోరుకున్న పని మిగలదు. మీ బావమరిదికి ఇది తప్పకుండా చెప్పండి: థార్ అని రాసున్న ప్రతి బండీ ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. 2023 జనవరి నుంచి మూడు డోర్ల థార్‌లో కూడా వెనక చక్రాలతో మాత్రమే నడిచే వేరియంట్ వస్తోంది. వెనక బరువు లేకుండా బురదలో దిగితే ఆ బండి మామూలు ఫ్రంట్ వీల్ కారు కన్నా ముందే చక్రాలు వట్టిగా తిరుగుతూ నిలబడిపోవచ్చు. అది తెలియక కొని, వానాకాలం వచ్చాక నా దగ్గరికి వచ్చి బాధపడినవాళ్లను చూశాను.

ఇక అసలు ప్రశ్న పొలం బాట గురించి. మీరు గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ కారు పొట్టకూ మధ్య ఎత్తు) గురించే మూడుసార్లు అడిగారు. కంపెనీ లెక్క ప్రకారం బ్రెజాది 198 మిల్లీమీటర్లు, జిమ్నీది 210. తేడా 12 మిల్లీమీటర్లు, అంటే మీ చిటికెన వేలి మందం. రెండూ మారుతివే, రెండింటిలోనూ 1.5 లీటర్ పెట్రోల్ ఇంజినే, పొడవులు కూడా నాలుగు మీటర్ల లోపే. మరి తేడా ఎక్కడుంది?

చాసీలో, ఇరుసుల్లో, గేర్లలో ఉంది. జిమ్నీకి నిచ్చెన లాంటి ఇనుప చాసీ ఉంటుంది, దాని మీద బాడీ విడిగా కూర్చుంటుంది. ముందూ వెనకా గట్టి ఇరుసులు. ఒక చక్రం రాయి ఎక్కితే ఆ ఇరుసు మొత్తం ఒక పక్కకు వాలి, రెండో చక్రాన్ని నేలకు అదుముతుంది. బ్రెజా లాంటి బండికి బాడీయే చాసీ. చక్రాలు కొద్దిగా మాత్రమే పైకీ కిందకీ ఆడతాయి. గుంతల్లో ఎదురెదురు మూలల చక్రాలు రెండు గాల్లోకి లేస్తే ఇంజిన్ బలం అంతా ఆ గాల్లో చక్రానికే పోతుంది, బండి కదలదు. రెండోది ఫోర్ లో గేరు. జిమ్నీలో అది వేస్తే గేరు బలం దాదాపు రెట్టింపవుతుంది. మనిషి నడిచే వేగంలో, క్లచ్ నొక్కకుండా, రాళ్ల మీదుగా పాకుతూ ఎక్కుతుంది. అదే ఎక్కుడు కాంపాక్ట్ కారుతో ఎక్కాలంటే హాఫ్ క్లచ్ మీద లాగాలి. అలా లాగిన బండ్లు షెడ్డుకు వచ్చినప్పుడు బానెట్ ఎత్తక ముందే కాలిన క్లచ్ ప్లేట్ వాసన కొడుతుంది.

ఈ రెండూ ఎక్కడ పనికొస్తాయంటే రాళ్ల మీద, నిట్టనిలువు ఎక్కుళ్లలో, తెగిపోయిన గుట్ట దారుల్లో. జైనూరు, తిర్యాణి వైపు గుట్టల మీది గూడేలకు వెళ్లే దారులు అలాంటివే, నల్లరాయి పలకలు బాటంతా పరుచుకుని ఉంటాయి. అల్లూరి జిల్లాలో పాడేరు, చింతపల్లి వైపు కాఫీ తోటలకు వెళ్లే ఎర్రమట్టి ఎక్కుళ్లూ అంతే. మీ పొలం అక్కడ ఉంటే కుటుంబానికి వేరే ఏర్పాటు చూసుకుని జిమ్నీయే కొనమనేవాణ్ని.

మీది రేగడి. రేగడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెలవులకు కొండల్లోకి వెళ్లి వీడియోలు తీసేవాళ్లు దీని గురించి చెప్పరు.

రేగడి నేలలో బంకమట్టి ఎక్కువ. ఎండాకాలం నెర్రెలు విచ్చి రాయిలా ఉంటుంది. రెండు గట్టి వానలు పడ్డాయంటే ఉబ్బి జిగురులా మారుతుంది. టైరు నాలుగు చుట్లు తిరిగేసరికి గాళ్లలో మట్టి కూరుకుపోయి, బయటికి నున్నటి నల్లటి గుండ్రం మాత్రమే కనిపిస్తుంది. ఇక ఆ టైరుకు గాళ్లు ఉన్నా లేనట్టే. ఒక చక్రం జారుతున్నా నాలుగు చక్రాలు జారుతున్నా ఫలితం ఒకటే. మట్టి మడ్‌గార్డుల లోపల పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది కూడా.

నా సొంత అనుభవం చెప్తాను. ఐదారేళ్ల కిందట జూలైలో ఒక రైతు ట్రాక్టర్ ఆగిపోయిందని పిలిస్తే, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని ధైర్యంగా చేలోకి తోలాను. ముప్పై గజాలు వెళ్లాను. ముందు ఫోర్ హై (మామూలు గేర్లతోనే నాలుగు చక్రాలకూ బలం), ఆ తర్వాత ఫోర్ లో, ఆ తర్వాత టైర్లలో గాలి తీసి మళ్లీ ప్రయత్నం. ప్రతి ప్రయత్నానికీ బండి రెండేసి అంగుళాలు కిందికి దిగింది. చివరికి చాసీ మట్టి మీద ఆనింది, చక్రాలు కింద వట్టిగా తిరుగుతున్నాయి. పక్క ఊరి నుంచి ఇంకో ట్రాక్టర్ కేజ్ వీల్స్ (బురదలో నడవడానికి వేసే ఇనుప చక్రాలు) వేసుకుని వచ్చి లాగితే సాయంత్రానికి బయటపడ్డాం. నేను బాగు చేయడానికి వెళ్లిన ట్రాక్టర్‌ను మర్నాడు నడిచి వెళ్లి బాగు చేశాను. తడి రేగడిలో ఫోర్ వీల్ డ్రైవ్ చేసేది చాలాసార్లు ఒకటే, బండిని ఇంకాస్త లోపలికి తీసుకెళ్లి దిగబడేలా చేయడం.

కాబట్టి మీరు వేసుకోవాల్సిన లెక్క హైదరాబాద్ నుంచి పొలం దాకా ఉన్న మూడు వందల కిలోమీటర్లది కాదు, ఆ చివరి రెండు కిలోమీటర్లది. ఆ రెండు కిలోమీటర్లలో కారు ఏయే నెలల్లో కావాలి? పత్తి లెక్క చూడండి. జూన్‌లో తొలకరికి విత్తనాలు. జూలై నుంచి సెప్టెంబరు దాకా కలుపు, ఎరువులు, మందు కొట్టడం. ఆ మూడు నెలలూ నేల ఊబిలా ఉంటుంది, ఆ పనులకు కారు అక్కర్లేదు. మందు డబ్బా బైకు మీద పోతుంది, ఎరువు బస్తాలు ట్రాక్టర్ మీదో ఎడ్లబండి మీదో పోతాయి. దీపావళి దాటాక పత్తి ఏరడం మొదలవుతుంది. మనుషుల్ని, అన్నం గిన్నెల్ని, తూకం కాటాను తీసుకెళ్లాల్సింది అప్పుడు. అప్పటికి బాట ఎండి గట్టిపడి ఉంటుంది, బ్రెజా హాయిగా పోతుంది. అంటే బాట బాగాలేనప్పుడు మీకు కారుతో పని తక్కువ, కారుతో పని పడేసరికి బాట బాగుంటుంది. ఏడాదిలో మిగిలేది మహా అయితే పది పదిహేను రోజులు. ఆ రోజుల్లో కారును నాన్నగారి ఇంటి ముందే పెట్టి బైకు మీద వెళ్లండి.

అయితే ఎండిన బాటలోనూ ఒక ప్రమాదం ఉంది. చిన్న బండ్లు నా షెడ్డుకు వచ్చేది ఎక్కువగా దానివల్లే. వానాకాలంలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు వైపులా లోతుగా గాళ్లు పడతాయి, మధ్యలో మిట్ట మిగులుతుంది. ఎండాక అది కాంక్రీటు దిమ్మెలా తయారవుతుంది. మీ చక్రాలు గాళ్లలో దిగాయంటే కారు పొట్ట ఆ మిట్ట మీదే పోతుంది. ఇంజిన్ కింద ఆయిల్ చాంబర్ ఉంటుంది. చాలా కొత్త బండ్లలో అది అల్యూమినియంది, దెబ్బ తగిలితే సొట్ట పడదు, పగులుతుంది. ఒక కాంట్రాక్టరు గారి కాంపాక్ట్ ఎస్‌యూవీకి అలాగే పగిలింది. ఆయన పాటలు పెట్టుకుని నడుపుతున్నారు, ఎర్రలైటు వెలిగింది చూడలేదు, అలాగే నాలుగు కిలోమీటర్లు నడిపారు. ఇంజిన్ పట్టేసింది. చాంబర్‌తో పోవాల్సిన ఖర్చు లక్ష దాటింది.

ఇంకో సంగతి. కంపెనీ చెప్పే క్లియరెన్స్ చాలాసార్లు ఖాళీ బండిది. మా ఇంటి కారులో ఐదుగురం కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తా, రెండు బ్యాగులు పెట్టి నేను టేపుతో కొలిచాను. ముప్పై మిల్లీమీటర్లకు పైగా కిందికి దిగింది. కాబట్టి పొలానికి వెళ్లేటప్పుడు అమ్మను, పిల్లల్ని, సామాన్లను ఇంటి దగ్గర దించేసి మీరొక్కరే వెళ్లండి. గాళ్లలో నడపకుండా ఒక చక్రం మధ్య మిట్ట మీద, ఇంకోటి బాట అంచు మీద పెట్టి నడపండి. బండి కొంచెం ఒరుగుతుంది, భయపడకండి, నెమ్మదిగా పోండి.

కొన్నాక చేయించాల్సినవి రెండే. ఇంజిన్ కింద ఇనుప రేకు ఒకటి. కంపెనీ వేసే ప్లాస్టిక్ కవరు నీళ్లనే ఆపుతుంది, రాయిని ఆపదు. ఆయిల్ డ్రెయిన్ నట్టు దగ్గర రంధ్రం ఉండేలా చేయించండి, లేకపోతే ప్రతి సర్వీసుకూ రేకు విప్పాలి. రెండోది, బండికి ముందు భాగంలో కొండీ బిగించే చోటు ఎక్కడుందో, ఆ కొండీ టూల్‌కిట్‌లో ఉందో లేదో మొదటి రోజే చూసుకుని, ఒక మంచి టోయింగ్ బెల్టు డిక్కీలో పడేయండి. చాలామంది తాడును బంపర్‌కో సస్పెన్షన్ రాడ్‌కో కట్టి లాగిస్తారు. దిగబడినప్పుడు కాని నష్టం లాగినప్పుడు అవుతుంది. పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ల జోలికి మాత్రం పోకండి. స్టీరింగ్, బ్రేకింగ్ రెండూ మారిపోతాయి, వారంటీ విషయంలోనూ చిక్కు వస్తుంది.

ఎక్కుడులో ఒక పాత ఉపాయం చెప్తాను, బ్రెజా లాంటి ఫ్రంట్ వీల్ బండ్లకు బాగా పనిచేస్తుంది. వాగు ఒడ్డు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, ముందు చక్రాలు తేలికై జారతాయి. ఒకసారి ప్రయత్నించి జారితే ఇక యాక్సిలరేటర్ తొక్కకండి. కిందికి దిగి, బండి తిప్పి, రివర్స్‌లో ఎక్కించండి. అప్పుడు ఇంజిన్ బరువంతా లాగే చక్రాల మీదే పడుతుంది. మనిషిని బయట నిలబెట్టి దారి చూపించుకుంటూ నిదానంగా చేయాలి.

వాగు సంగతి మాత్రం చాలా గట్టిగా చెప్పాలి. మీరు రాసిన వాక్యం, "జిమ్నీ అయితే వాగు వచ్చినా దాటొచ్చు కదా", చదివినప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. పారే నీళ్లలోకి ఏ బండీ దించకండి. థార్ నీటిలో 650 మిల్లీమీటర్ల లోతు దాకా నడవగలదని కంపెనీ చెప్తుంది, ఫోర్స్ గూర్ఖాకు 700 అంటారు, దానికి గాలిని పైనుంచి పీల్చే గొట్టం (స్నార్కెల్) కూడా ఉంటుంది. ఆ లెక్కలు నిలకడ నీళ్లకు, గట్టి అడుగు ఉన్నచోటకు. పారే నీళ్లు వేరు. వేగంగా పారే నీరు అడుగు ఎత్తుంటే చిన్న కారును తేల్చి పక్కకు తోసేస్తుంది, రెండడుగులుంటే ఎస్‌యూవీనైనా కొట్టుకుపోయేలా చేస్తుంది. మన దగ్గర ప్రతి వానాకాలం లో లెవెల్ వంతెనల మీద ప్రాణాలు పోతున్నది ఇలాగే. పైన గుట్టల్లో వాన పడితే మీ దగ్గర ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. ఆ రోజు ఆగిపోవడమే, వేరే దారి లేదు. నిలకడ నీళ్లు కదా అని దింపినా, గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు వెళ్తే ఇంజిన్ లోపల రాడ్లు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో దానికి డబ్బులు రావు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ తీసుకోండి, మీకు అది అవసరం. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి, తోసుకుని బయటికి తెచ్చి మెకానిక్‌ను పిలవండి.

ఇక మిగతా మూడు వందల కిలోమీటర్లు. నలభై నాలుగో నంబర్ హైవే మీద జిమ్నీ నడుస్తుంది, ఎందుకు నడవదు. కానీ 1,645 మిల్లీమీటర్ల వెడల్పున్న ఎత్తు బండి, గట్టి ఇరుసులు. లారీ పక్క నుంచి దూసుకుపోతే ఊగుతుంది, నిర్మల్ దాటాక ఖానాపూర్ మలుపుల్లో వెనక కూర్చున్న పిల్లలకు వాంతులు అవ్వచ్చు. బ్రెజా వెడల్పు 1,790. రోడ్డును పట్టుకుని పోతుంది. డిక్కీ జిమ్నీలో 208 లీటర్లు, బ్రెజాలో 328. ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు నాన్నగారు కందిపప్పు, పచ్చడి జాడీలు, బియ్యం పెట్టకుండా పంపరు కదా, అప్పుడు తెలుస్తుంది ఆ తేడా. మైలేజీలోనూ కంపెనీ లెక్క ప్రకారం జిమ్నీ మాన్యువల్‌ది లీటరుకు 16.94 కిలోమీటర్లు, బ్రెజాది వేరియంట్‌ను బట్టి అంతకన్నా ఎక్కువే.

జిమ్నీ, థార్ కొన్నవాళ్లకు ఒక మాట, మీ బావమరిదికి కూడా పనికొస్తుంది. ఈ బండ్లలో ఫోర్ వీల్ డ్రైవ్‌ను ఎండిన తారు రోడ్డు మీద వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు. ఫోర్ హైలో ఆ రెండింటినీ ఒకటిగా కట్టేసినట్టు అవుతుంది. మట్టిలో చక్రం జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు, ఆ ఒత్తిడి గేర్ల మీద, ఇరుసుల మీద పడుతుంది. వానలో గ్రిప్ ఉంటుందని ఊరంతా ఫోర్ హైలో తిప్పి, గేర్‌బాక్స్ దగ్గర శబ్దం వస్తోందని వచ్చినవాళ్లు ఉన్నారు. అలాగే నెలకోసారైనా మట్టి మీద ఫోర్ వీల్ వేసి కొద్ది దూరం నడపాలి, లేకపోతే అవసరమైన రోజున పడదు.

మధ్యే మార్గం ఏమైనా ఉందా అంటే, మారుతి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్, టయోటా హైరైడర్ ఏడబ్ల్యూడీ ఉన్నాయి. ఐదు సీట్లు, నాలుగు చక్రాలకూ బలం, తారు మీద కూడా ఇబ్బంది లేదు. ఫోర్ లో గేరు ఉండదు. జారే పల్లాల్లో, తడి గడ్డి మీద, ఇసుక పరిచిన వాగు ఒడ్డున బాగా పనికొస్తాయి. మీ బడ్జెట్‌కు పైన పడతాయి కాబట్టి ముందే చెప్పలేదు. బడ్జెట్ పెంచగలిగితే ఒకసారి నడిపి చూడండి. అప్పు చేసి మాత్రం వద్దు.

ఒక్క సందర్భంలో ఈ లెక్క మారుతుంది. నాన్నగారు ఊళ్లో కాకుండా పొలంలోని ఇంట్లో ఉంటున్నారనుకోండి, లేదా రేపు అక్కడికి మారాలనుకుంటున్నారనుకోండి. అప్పుడిది పత్తి లెక్క కాదు, రాత్రిపూట ఒంట్లో బాగాలేకపోతే ఆయన్ని ఆస్పత్రికి చేర్చే లెక్క. అప్పుడు కూడా జిమ్నీ కొనమనను. ముందు ఆయన్ని ఊళ్లోనే ఉండమని ఒప్పించండి. రేగడి బాట, వాగు, ఈ రెండింటినీ అర్ధరాత్రి గెలిచే బండి నేను చూడలేదు. ఊళ్లో, తారు రోడ్డు పక్కన ఉంటే మామూలు ఆటో అయినా ఆయన్ని ఉట్నూరు ఆస్పత్రికి చేరుస్తుంది.

బుక్ చేసే ముందు ఒక చిన్న పని చేయండి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు రెండు ఇటుకలు, ఒక పొడవాటి కర్ర తీసుకుని బాట మీద నడుచుకుంటూ పోండి. గాళ్లు లోతుగా ఉన్నచోట ఇటుకల్ని రెండు గాళ్లలో నిలువుగా పెట్టి, వాటి మీద కర్రను అడ్డంగా పెట్టండి. నిలబెట్టిన ఇటుక దాదాపు తొమ్మిది అంగుళాలు, అంటే బ్రెజా ఖాళీ బండి క్లియరెన్స్ కన్నా కొంచెం ఎక్కువ. ఆ కర్రకూ మధ్య మిట్టకూ నడుమ మీ నాలుగు వేళ్లు అడ్డంగా పట్టించి చూడండి. వేళ్లు దూరితే మీరొక్కరే నడిపినప్పుడు కారు పొట్ట తగలదు. దూరని చోట్లు రెండో మూడో ఉంటే అక్కడ పారతో మిట్టను చెక్కించండి, ఇద్దరు మనుషులకు ఒక పూట పని. అలాంటివి పదికి మించి ఉంటే ఫొటోలు తీసి, కొలతలతో ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.